కుట్రదారుడి ఏకగ్రీవం

"ఈ భవనంలో నీతి నిలబడాలంటే మూడో అంతస్తులోని కుట్రదారు ఇల్లు ఖాళీ చేయాల్సిందే!" అని అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి మెట్ల దగ్గర నిలబడి ప్రకటించాడు. లిఫ్టు చెడిపోయి ఉంది కాబట్టి ఆ ప్రకటన వినకుండా ఎవరూ తప్పించుకోలేకపోయారు.

కుట్రదారంటే మరెవరో కాదు, టీవీలో వారం వారం వచ్చే అంతరిక్ష సీరియల్లో ఉపనాయకుడి వేషం వేసే నటుడు. ఆ ఉపనాయకుడు వ్యోమనౌక రహస్యాలను పరగ్రహం వాళ్లకు చేరవేస్తాడు. మళ్లీ ఆ పరగ్రహం వాళ్ల బారినుంచే ప్రయాణికులను కాపాడతాడు. అతను మంచివాడో చెడ్డవాడో రాసేవాళ్లకే ఇంకా తేలలేదు. సంఘానికి మాత్రం మొదటి వారమే తేలిపోయింది!

అసలు మనిషి తీరు వేరు. టాక్సీ డ్రైవరు దారి తప్పితే ఆ మాట చెప్పడానికి మొహమాటపడి, ఆపిన చోటే దిగి, ఇంటికి నడిచొచ్చే రకం. ఈ వేషం పుణ్యమా అని ఇప్పటికే రెండిళ్లు మారాడు. మళ్లీ సామాన్లు సర్దమంటే ఈసారి పుట్టింటికే సర్దుకుంటానని భార్య తెగేసి చెప్పింది.

ఆదివారం సర్వసభ్య సమావేశం. మొదటి అంశం, అధ్యక్షుడి ఎన్నిక. రెండోది, ఇతగాడి బహిష్కరణ.

శనివారం మధ్యాహ్నం కార్యదర్శి చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా నటుడి ఇంట్లోకొచ్చాడు.

"తలుపేసెయ్ బాబూ. ఈ అధ్యక్షుణ్ణి దించాలి. నువ్వయితే ఎలా చేస్తావ్?"

"నాకేం తెలుసండీ! వాళ్లు రాసిచ్చింది చెబుతానంతే."

"నా దగ్గరా దాపరికం? ఈ పని చేసిపెట్టు, నీ బహిష్కరణ సంగతి నేను చూసుకుంటా."

నటుడు ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామని, వచ్చేవారం షూటింగుకు బట్టీపట్టిన డైలాగు అప్పజెప్పాడు.

"నాయకుడి కుర్చీలో నువ్వు కూర్చోకు. నోరులేని పిరికివాణ్ణొకణ్ణి కూర్చోబెట్టు. వెనకనుంచి నువ్వు ఆడించు."

కార్యదర్శి కళ్లు చెమర్చాయి. "ఎంత నీచమైన బుర్రయ్యా నీది! చల్లగా ఉండు!" అని దీవించి వెళ్లాడు.

కాసేపటికి అధ్యక్షుడు దిగాడు. "మీ కుళాయి కారుతోందటగా" అంటూ నేరుగా స్నానాల గదిలో దూరి, అక్కణ్ణించి తల బయటికి పెట్టి, కార్యదర్శి పీడ ఎలా విరగడవుతుందని అడిగాడు. నటుడికి వచ్చిన డైలాగు ఒక్కటే. అదే మళ్లీ చెప్పాడు.

ఆ సాయంత్రమంతా ఇద్దరు పెద్దమనుషులూ ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, నోరులేని పిరికివాడి కోసం భవనమంతా మనసులోనే గాలించారు. ఇద్దరికీ ఒక్కడే దొరికాడు.

సమావేశంలో అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకున్నాడు. "నాకు పదవీ వ్యామోహం లేదు. నా స్థానానికి మూడో అంతస్తు తమ్ముడి పేరు ప్రతిపాదిస్తున్నాను!"

అదే పేరు చెప్పబోయి నోరు తెరిచిన కార్యదర్శి, తెరిచిన నోటితోనే "బలపరుస్తున్నాను" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఏకగ్రీవం!

"మరి రెండో అంశమో?" అని ఎవరో గుర్తుచేశారు.

"అది టైపింగు పొరపాటు" అన్నాడు కార్యదర్శి.

అప్పటికి జనానికి విషయం అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నారు.

"చూశావా, ఇద్దర్నీ ఒక్క దెబ్బతో బోల్తా కొట్టించాడు!"

"మన సంఘానికి ఇలాంటివాడే కావాలి!"

"అయ్యో, నేనేం చేయలేదండీ!" అని నటుడు రెండు చేతులూ జోడించాడు. ఆ వినయానికి హాలు హాలంతా మరింత ముచ్చటపడింది. ఇన్నాళ్లూ అతను కనిపిస్తే మొహం తిప్పుకున్న కింది అంతస్తు బామ్మ దగ్గరకొచ్చి, "మా కోడలి సంగతి కూడా కాస్త చూడు నాయనా" అని చెవిలో వేసింది.

ఇంటికొచ్చేసరికి భార్య అడక్కుండానే కాఫీ తెచ్చిచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత గౌరవంగా అతని వంక చూసింది.

"ఎన్నాళ్ల నుంచి వేస్తున్నారండీ ఈ ఎత్తు? నాక్కూడా చెప్పలేదే!"

ఒట్టు, నాకేం తెలీదు అనబోయాడు. ఆమె కళ్లు చూశాడు. కాఫీ ఒక గుక్క తాగాడు.

"అన్నీ అప్పుడే చెప్పేస్తే ఎలా?" అన్నాడు.