ముడత లేని గుండు

రహదారి గుంటల్లో హిమశేషాలు ఇంకా కొనఊపిరితో ఉండగా, జూడిత్ పర్వతాల మీంచి దిగిన శీతానిలం మోంటానా మైదానపు గోధుమ మొలకలను దువ్వుతుండగా, ఏప్రిల్ మాసపు శుక్రవారాన, మధ్యాహ్నం మూడున్నర గంటల శుభఘడియలో, లూయిస్‌టౌన్ నగరోపాంతాన ఒక వంటింటి గోడనున్న టెలిఫోను విజయశంఖంలా మోగింది. ఎత్తినది బ్రెన్నా, ఆరు వారాల నవవధువు, అంట్లగుడ్డ ధరించిన వీరనారి. తుపాకీ క్లబ్బు కార్యదర్శి నోట వెలువడిన అమృతవాక్యం ఇది: ఆదివారం పోటీ నుంచి ఒకరు తప్పుకున్నారు, ఆ స్థానం ఆమెదే.

కాని ఆ పోటీకి అనుల్లంఘనీయమైన నియమం ఒకటుంది. ఎవరి గుండ్లు వారే పోతపోసుకోవాలి. కావలసినవి ఇరవై. తూటా గొట్టాలు సిద్ధం, మందు సిద్ధం, స్వహస్తాలతో పోసిన గుండు మాత్రం ఒక్కటీ లేదు.

“కొట్లో కొన్న గుండ్ల డబ్బా ఉందిగా, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు భర్త టేట్.

“మీ అమ్మకి తెలుస్తుంది.”

ఆ అమ్మ పేరు ఆర్లీన్. ముప్పైయేళ్లుగా గుండ్లు పోస్తున్న చేతులు ఆమెవి. ఇంట్లో ఉన్న ఏకైక అచ్చూ ఆమెదే. గ్యారేజీ తలుపులు బార్లా తెరిపించి, గడప దగ్గర బంగాళాదుంపల గిన్నెతో కూర్చుని శాసనం వెలువరించింది: “ఆరింటికి భోజనం. ఈలోపు ముడత లేని గుండు ఒక్కటి చూపించు. చూపిస్తే ఆదివారం దాకా అచ్చు నీది. లేదా, వచ్చే ఏడు చూద్దాం.”

అంతట తోలు చేతొడుగులే కవచంగా, రక్షణ కళ్ళద్దాలే కిరీటంగా, బ్రెన్నా కరిగిన సీసపు మూకుడును సమీపించి, గరిటె పైకెత్తి ఉద్ఘోషించింది: “ఓ సీసమా, ద్రవరూపధారిణీ, నేడు నా చేత నీవు...”

“దాంతో మాట్లాడకు పిల్లా, అచ్చులో పొయ్యి.”

పోసింది. కొయ్యసుత్తితో అచ్చును తట్టగా, రజతకాంతులతో ప్రథమ శిశువు పాత తువ్వాలు మీద పడింది. ఒళ్ళంతా ముడతలే. అయినా ఎంత ముద్దుగా ఉందని! పటకారుతో పట్టి ఎండకు తిప్పి చూసింది, టేట్‌కి చూపించింది, వాడూ మురిసాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఐదింబావు అయ్యేసరికి పదకొండు గుండ్లు, పదకొండు ఆనందాలు, పదకొండు పరాజయాలు.

ఆర్లీన్ దుంప చెక్కడం ఆపింది. “పెళ్లి ఫోటోలు చూస్తున్నారా మీరిద్దరూ? నువ్వు ఒక్కోదాన్నీ ముద్దుచేసేలోపు అచ్చు చల్లారిపోతోంది. చల్లటి అచ్చులో సీసం ముడుచుకుంటుంది. చెడ్డవి వచ్చినా సరే, వెనక్కి చూడకుండా పోస్తూ పో.”

“ఒక్కసారి కూడా చూడొద్దా?”

“చూడొద్దు.”

ఇంతటి ఘోరతపస్సు ఏ కొత్త పెళ్లికూతురూ చేసి ఉండదు. పోయుట, తట్టుట, విడుచుట, మరల పోయుట. స్వేదబిందువులు కనుబొమల కోటలను ముట్టడించగా, చూపు తువ్వాలు వైపు తిరుగుబాటు చేయగా, ఆ చూపును బలవంతాన బంధించి, ఎనిమిదిసార్లు పోసింది. ఐదు యాభై రెండుకి తొమ్మిదోది పడింది. ఆర్లీన్ ముందే లేచి వచ్చి నిలబడి ఉంది. అది చల్లారాక వెలుతురుకు పెట్టి చూసింది, అడుగు అంచును గోటితో తడిమింది, ముడత ఒక్కటీ తగల్లేదు.

“ఊఁ,” అంది.

ఆ హూంకారంతో దిక్కులు మారుమోగాయి. బ్రెన్నా గరిటె వదిలేసి, ఆ అచ్ఛిద్ర, అవక్ర, నిర్వళీ గుండును అరచేతిలో పెట్టుకుని పది నిమిషాలు అలాగే చూస్తూ నిలబడింది. ఆ పది నిమిషాల్లో అచ్చు మళ్ళీ మంచుగడ్డ అయింది.

ఏతావతా, సీసాసురుడు ఓడెను, ఒకే ఒక్క గుండు జనించెను.

భోజనాల బల్ల దగ్గర, మెదిపిన దుంపల గిన్నె పక్కన దాన్ని నిలబెట్టారు. ఆర్లీన్ మర్నాటి వ్యూహం ప్రకటించింది: “రేపు ఏడింటికి మొదలు. ఇంకా పందొమ్మిది. టేట్, నువ్వు తువ్వాలు ముందు అడ్డంగా కూర్చో. ఈ పిల్లని వెనక్కి తిరగనివ్వకు.”

“మరి నేను చూడొచ్చా?” అన్నాడు టేట్.

“నీ కళ్ళకి గంతలు.”