నాచుకు పెట్టిన మెరుపు

ఆ ఉదయం నాచు వ్యాపారి తలపెట్టింది ఒక్క పనే. అల్లుడికి మేలు రకం ఎండు సముద్రపు నాచు ఒక బస్తా పంపాలి. అల్లుడు ప్రయోగశాలలో పనిచేస్తాడు. కొవ్వు పట్టిన కాలేయాన్ని నాచులోని సారం బాగుచేస్తుందేమోనని ఎలుకల మీద పరీక్షిస్తున్నాడు. ఫలితం రాకపోతే ఉద్యోగం ఊడుతుందని కూతురు ఫోన్‌లో ఏడ్చింది.

సరుకు మంచిదైతే చాలదు, కొనేవాడి కంటికి మంచిదిగా ఆనాలన్నది వ్యాపారి లెక్క. అందుకే ఏ బస్తా అయినా గడప దాటే ముందు నాచును నూనెగుడ్డతో తుడిచి నిగనిగలాడిస్తాడు. ఇక కొనేది ఇంటి అల్లుడాయె. గుడ్డ పక్కన పడేసి చేత్తోనే నూనె పట్టించాడు.

ప్రయోగశాలలో నాచు పొడి ముద్దకట్టింది. కారుతున్నదే అసలు సారమనుకుని అల్లుడు మురిసిపోయాడు. నెల తిరిగేసరికి ఫోన్ చేశాడు.

"మామయ్యగారూ, ఎలుకల లివర్లు ఇంకా పాడయ్యాయి. మోతాదు చాల్లేదేమో. ఇంకో రెండు బస్తాలు పంపుతారా?"

వ్యాపారి చెవిన పడ్డది రెండు బస్తాల మాటే. "దానికేం బాబూ, ఈసారి ఇంకా మంచి సరుకు పంపుతా."

ఇంకా మంచి సరుకంటే ఇంకాస్త నూనె.

ఎలుకలు బంతుల్లా తయారయ్యాయి. ఒకటి పంజరం తలుపులో ఇరుక్కుంది. అల్లుడు బెంబేలెత్తి మోతాదు మళ్ళీ పెంచాడు. మామగారు ఉత్సాహం పట్టలేక సరుకుతో తనే దిగాడు. సరిగ్గా అప్పుడే ప్రయోగశాల పెద్దసారు అల్లుణ్ణి నిలబెట్టి సంజాయిషీ అడుగుతున్నాడు.

వ్యాపారి గుప్పెడు నాచు తీసి బల్ల మీద పరిచాడు. కింది కాగితాలన్నీ తడిసిపోయాయి.

"ఏమిటండీ ఈ జిడ్డు?" అన్నాడు పెద్దసారు.

"జిడ్డు కాదు సార్, మెరుపు. వేరుశనగ నూనె. బయటివాళ్ళకి ఇంత పట్టించం."

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. "అన్ని బస్తాలకీ పట్టించారా మామయ్యగారూ?"

"ఒకదానికి పట్టించి ఒకదానికి మానేస్తే ఏం మర్యాద బాబూ?"

పెద్దసారు వేళ్ళు తుడుచుకుని, రేపటి నుంచి రావద్దని చెప్పబోతుండగా పక్క గది డాక్టరమ్మ తలుపు తోసుకొచ్చింది. ఆవిడ దగ్గర కాలేయానికి కొత్త మందుంది. దాన్ని పరీక్షించాలంటే ముందు కాలేయం చెడిన ఎలుకలు కావాలి. ఏం మేపినా ఆవిడ ఎలుకలు చలాకీగా గెంతుతున్నాయి.

"ఆ లావు ఎలుకలు ఎవరివి? వాటితోపాటు మేపినవాణ్ణి కూడా నాకే ఇచ్చేయండి," అంది.

అల్లుడి ఉద్యోగం నిలిచింది. మామగారి బేరమే దెబ్బతింది: నాచు అక్కర్లేదు, నూనె ఒక్కటీ పంపితే చాలన్నారు.