ఏడో వరుస పంతొమ్మిదో సీటు

ఫైనల్ మ్యాచ్ రోజు పొద్దున టైల్స్ మేస్త్రి వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆరింటికి లేవాలి, పసుపు జెర్సీ తొడుక్కోవాలి, బిస్కెట్ల డబ్బాలో అత్తగారు పెట్టిన బొమ్మ కాగితం తీసుకుని స్టేడియానికి వెళ్ళాలి. నిద్ర పట్టక నాలుగున్నరకే లేచి కూర్చున్నాడు. ఉత్సాహం పట్టలేక జెర్సీని ఒక్క లాగు లాగేసరికి మెడ దగ్గరి గుండీ తెగి మంచం కిందికి దొర్లింది.

"మన పెళ్ళిరోజు కూడా మీరింత హడావిడి పడలేదు," అంటూ భార్య సూది కోసం డబ్బా మూత తీసింది. పైనున్న కాగితం ఎత్తింది, కిందున్న కాగితం ఎత్తింది, అడుగున సూది దొరికింది. కాగితాలు రెండూ మళ్ళీ డబ్బాలో పడేసింది. ఏది పైకొచ్చిందో, ఏది కిందికి పోయిందో ఆవిడ చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఆవిడకి తెలియదు.

ఫుట్‌బాల్ సీజన్ వచ్చిందంటే ఆ ఊరు ఊరులా ఉండదు. దుకాణాల తలుపులకి పసుపూ నలుపూ రంగులు పడతాయి. మ్యాచ్ ఉన్న రోజున పళ్ళ డాక్టరు పన్ను పీకడు, చెయ్యి వణుకుతుందట. ఊరి జట్టు పేరు చిరుతలు. పదకొండేళ్ళుగా వాళ్ళు కప్పు గెలవలేదు కాబట్టి, ప్రతి ఏడూ ఈసారి తప్పదని ఊరంతా నమ్ముతుంది.

స్టాండులో పైనుంచి ఏడో వరుస, పంతొమ్మిదో సీటు మేస్త్రి తండ్రిది. ముప్ఫై ఏళ్ళు ఆయన అందులోనే కూర్చుని అరిచాడు. ఆయన పోయాక కొడుకు కూర్చుంటున్నాడు. సీటు చేతి మీద తండ్రి గోటితో గీకిన గీతలు ఇంకా ఉన్నాయి, ఒక్కో గెలుపుకి ఒక్కో గీత. వాటి మీద వేలు పెడితే నాన్న పక్కనే ఉన్నట్టుంటుంది మేస్త్రికి. అలాంటి సీటుని మేస్త్రి ఫైనల్ కోసం పణంగా పెట్టాడు.

అదెలా జరిగిందంటే, అభిమానుల సంఘం మీటింగులో మాట మీద మాట పెరిగింది. సంఘం ప్రెసిడెంటుకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఎప్పటిలాగే రంగు కాగితాలు చల్లుదాం అన్నాడాయన.

"కాగితాలు చిన్నపిల్లలు చల్లుతారు," అన్నాడు మేస్త్రి లేచి నిలబడి. "మన స్టాండులో ముప్ఫై వరుసలు, వరుసకి నలభై సీట్లు. సీటుకో అట్ట పెడదాం. ఈల వెయ్యగానే పన్నెండు వందల అట్టలు ఒక్కసారి లేస్తే, స్టాండంత చిరుత నోరు తెరుచుకుని లేస్తుంది!"

"ఏదైనా తేడా వస్తే?" అన్నాడు ప్రెసిడెంటు కళ్ళజోడు సర్దుకుంటూ.

"చిరుతతో పరువు పోతే నా సీటు మీ చేతిలో పెట్టి గేటు బయట నిలబడతా!"

అన్నాక మాట వెనక్కి తీసుకుందామనుకున్నాడు గానీ, అప్పటికే అందరూ చప్పట్లు కొట్టేశారు.

గళ్ళ కాగితం మీద బొమ్మ గీయడం ఊరి మొత్తంలో మేస్త్రి అత్తగారికే వచ్చు. ఆవిడ నలభై ఏళ్ళు స్కూల్లో కుట్లు నేర్పిన టీచరు. గడికో గుర్తు పెట్టి, ఆ గుర్తుల్ని బట్టి దారంతో ఇంటూ కుట్టు కుడుతుంది. చుక్క ఉంటే తెలుపు, గీత ఉంటే పసుపు, ఇంటూ ఉంటే నలుపు. చిన్న కూతురికి పుట్టిన పాప కోసం దుప్పటి మీద బాతుపిల్లని కుడదామని అప్పటికే ఒక కాగితం గీసుకుంది. అదే కొలతలో చిరుతని కూడా గీసి, "డబ్బాలో పైనున్నది మీది, కిందున్నది నాది," అని ముందు రోజే చెప్పింది. ఫుట్‌బాల్ అంటే ఆవిడకి, ఇరవై రెండు మంది పెద్దవాళ్ళు ఒక్క బంతి కోసం కొట్టుకోవడం, అంతే.

మేస్త్రి పైనున్నది తీసుకున్నాడు. కాగితం మీద చిరుత ఉందో బాతు ఉందో ఎవరైనా చూస్తారు కదా అంటారేమో, ఆయన చూడడు. తండ్రి నేర్పిన పద్ధతి అది. నేల మీద ముగ్గు బొమ్మ పరచాలన్నా సరే, కాగితాన్ని బోర్లా పెట్టి, వెనక నంబర్లు వేసి, వరుసలుగా కత్తిరించి పనివాళ్ళకి తలా ఒకటి ఇస్తాడు. "బొమ్మ చూస్తే చెయ్యి తడబడుతుంది, వరుస చూడండి," అంటాడు. ఇరవై ఏళ్ళలో ఆ పద్ధతికి ఒక్క టైలు తప్పలేదు.

మధ్యాహ్నానికల్లా ముప్ఫై కాగితం ముక్కల ప్రకారం సీటుకో అట్ట పడింది. టైల్స్ పనిలో పదో వంతు ఎక్కువ తెచ్చే అలవాటు కొద్దీ, మిగులు అట్టలు పెట్టెల్లో పెట్టి మెట్ల పక్కన ఉంచాడు. తన సీటు మీద నల్ల అట్ట పడటం చూసి కాస్త ఆగాడు. అక్కడ చిరుత నుదురు రావాలి, నుదురు పసుపు కదా? సరే, మచ్చ అయ్యుంటుందిలే అనుకున్నాడు. ఈల వెయ్యడానికి తను కింద నిలబడాలి కాబట్టి ఆ సీట్లో భార్యని కూర్చోబెట్టాడు.

ఆట ఇంకో పావుగంటలో మొదలవుతుందనగా ఫోన్ మోగింది. అత్తగారు.

"అల్లుడుగారూ, నేను దుప్పటి మొదలుపెడదామని డబ్బా తీశాను. మీరొకసారి ఆ బొమ్మ చూడండి."

"అత్తయ్యగారూ, మా పనిలో మధ్యలో బొమ్మ చూడం."

"చూడకపోతే కొంప మునుగుతుంది!"

"మీరేం కంగారుపడకండి. ఒక్క గడి తేడా లేకుండా, ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు పెట్టించాను."

"అదే కదా నాయనా నా భయం!"

ఈలోగా డప్పులు మొదలయ్యాయి. పెద్దావిడ పని మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోతూ మేస్త్రి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

జట్లు మైదానంలోకి వచ్చాయి. స్టాండు పిచ్చెక్కినట్టు అరుస్తోంది. మేస్త్రి మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. నేర్పిన లెక్క అందరికీ కంఠతా వచ్చు. ఒక ఈలకి ఎత్తడం, రెండు ఈలలకి ఊపడం, మూడు ఈలలకి దించడం. ఒక ఈల వేశాడు.

పన్నెండు వందల అట్టలు ఒక్కసారిగా లేచాయి. ఆ తర్వాత ఎదుటి స్టాండులోంచి నవ్వు మొదలైంది. అది పొర్లుకుంటూ చుట్టూ తిరిగి వచ్చింది.

"కుళ్ళుకుని చస్తున్నారు!" అని అరిచాడు మేస్త్రి. అట్టల అంచులు తప్ప ఆయనకేమీ కనపడటం లేదు. "ఇంకా పైకెత్తండి! బాగా చూడనీయండి!"

మూడు నిమిషాలు చూపించాడు. నవ్వు తగ్గకపోయేసరికి అనుమానం వచ్చి వెనక్కి తిరిగాడు. పెద్ద తెర మీద, మెడలో నల్ల రిబ్బను ముడి కట్టుకుని, ఒక కాలు ముందుకేసి, స్టాండంత బాతుపిల్ల లోకాన్ని చూసి ఆశ్చర్యపోతోంది.

మేస్త్రి హడావిడిగా ఈల నోట్లో పెట్టుకున్నాడు. దించమని చెప్పడానికి మూడు ఈలలు వెయ్యబోయాడు. ఊపిరి అందక రెండే పడ్డాయి. స్టాండు బుద్ధిగా అట్టలు ఊపింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ రెండే. తెర మీద బాతుపిల్ల అటూ ఇటూ ఊగుతూ నడక మొదలుపెట్టింది.

అప్పటికే ఆట మొదలైంది. ఎదుటి జట్టు గోల్‌కీపరు నడుస్తున్న బాతుని చూసి, నవ్వాపుకోలేక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు కొట్టిన బంతి ఆయన తల మీదుగా లోపలికి పోయింది.

ఒకటి - సున్నా! స్టాండు ఎగిరి గంతేసింది. అట్టలు తలో దిక్కూ పడ్డాయి. ఆ గోలలోనే ప్రెసిడెంటు మెట్లు దిగి వచ్చాడు.

"బాతా? చిరుతల ఊళ్ళో బాతా? దాన్ని మళ్ళీ ఎత్తావంటే మర్యాద దక్కదు. నీ సీటు సంగతి ఆటయ్యాక!"

మొదటి సగం ముగిసేలోపు ఎదుటి జట్టు ఒక గోలు కొట్టి సమం చేసింది. విరామంలో ఒక సెక్యూరిటీ గార్డు అత్తగారిని చెయ్యి పట్టుకుని, ఎంతో మర్యాదగా మెట్లు ఎక్కిస్తూ తీసుకొచ్చాడు. "మా అల్లుడు లోపలున్నాడు, ఊరి పరువంతా ఆయన మీదే ఉంది" అని ఆవిడ గేటు దగ్గర అందట. కెప్టెన్ అత్తగారనుకుని టికెట్టు అడగకుండా పంపించేశాడు. ఆవిడ చేతిలో చిరుత కాగితం ఉంది.

ప్రెసిడెంటు దాన్ని లాక్కున్నంత పని చేశాడు. "పావుగంట టైముంది. మార్చెయ్! పరువు దక్కించుకో!"

మేస్త్రి కాగితాన్ని బోర్లా పెట్టబోయి, అత్తగారి చూపు చూసి వెల్లకిలా పెట్టి కత్తిరించాడు. అట్టలు చేతులు మారాయి, మిగులు పెట్టెలు ఖాళీ అయ్యాయి. రెండో సగం మొదలవుతూనే స్టాండు మీద చిరుత లేచింది. ఏం చిరుతండీ అది! కోరలు చూసి మన జట్టువాళ్ళే ఒక అడుగు వెనక్కి వేశారు. నిజంగానే వేశారు. ఆ అడుగు సందులోంచి ఎదుటి జట్టు రెండో గోలు కొట్టింది.

స్టాండు చల్లబడిపోయింది. ఎక్కడో వెనకనుంచి ఒక గొంతు లేచింది, "బాతు!" పక్కవాడు అందుకున్నాడు. చూస్తుండగానే స్టాండు మొత్తం కాళ్ళు నేలకేసి కొడుతూ "బాతు కావాలి! బాతు కావాలి!" అని మొదలుపెట్టింది. ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎత్తవయ్యా, ఏం చూస్తున్నావ్!"

"ఎలా ఎత్తను? బాతు కాగితం ముక్కలు జనం కాళ్ళ కింద పడి చిరిగిపోయాయి!"

"కాగితం ఎందుకు?" అంది అత్తగారు. ప్రెసిడెంటు నినాదాల కోసం తెచ్చుకున్న మైకుని ఆయన చేతిలోంచి తీసుకుని గొంతు సవరించుకుంది. నలభై ఏళ్ళ క్లాసు గొంతు అది. "అందరూ మాట్లాడ్డం ఆపండి. మొదటి వరుస! తెల్లవి పద్దెనిమిది, పసుపు ఆరు, తెల్లవి పదహారు. రెండో వరుస! వెనక ఎవరయ్యా ఆ నవ్వేది, నిలబడు!"

పన్నెండు వందల మంది బుద్ధిగా అట్టలు మార్చుకున్నారు. పళ్ళ డాక్టరు ఎడం చెయ్యి ఏదో కుడి చెయ్యి ఏదో తెలియక తిట్లు తిన్నాడు. "ఏడో వరుస, పంతొమ్మిది, నలుపు. అది కన్ను. అమ్మాయ్, నువ్వే! కన్ను కదిలిందంటే ఊరుకోను!" భార్య అట్టని రెండు చేతులా పట్టుకుని శిలలా నిలబడింది.

ఆట ఇంకో తొమ్మిది నిమిషాల్లో ముగుస్తుందనగా మేస్త్రి ఈల వేశాడు. బాతుపిల్ల లేచింది. రెండు ఈలలు. నడిచింది. ఎదుటి గోల్‌కీపరు ఈసారి చూడకూడదని గట్టిగా అనుకున్నాడు. అనుకున్నాడు కాబట్టే చూశాడు. రెండు - రెండు! మేస్త్రికి ఒళ్ళు తెలియలేదు. రెండు ఈలలు, మళ్ళీ రెండు ఈలలు. అత్తగారు మైకులో "కాళ్ళవరుసలు, ఎడమ, కుడి! ఎడమ, కుడి!" అంటోంది. గోల్‌కీపరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కళ్ళు మూసుకుని గోలు కాయడం ఎవరికీ సాధ్యం కాదు. మూడు - రెండు!

పదకొండేళ్ళ తర్వాత కప్పు ఊరికొచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మేస్త్రిని కౌగిలించుకుని ఏడ్చారు. ఆయనా ఏడ్చాడు. తన సీటు దగ్గరికి పరుగెత్తి, తండ్రి గీతల పక్కన గోటితో ఇంకో గీత గీశాడు.

"గీసుకో గీసుకో," అన్నాడు ప్రెసిడెంటు వెనకాలే వచ్చి. "చివరి గీత కదా."

"అదేంటండీ? గెలిచాం కదా!"

"గెలిపించింది బాతు. నువ్వు పందెం కాసింది చిరుత మీద. చిరుత లేచింది, గోలు పడింది. మాట మాటే."

మేస్త్రి ఆ కొత్త గీతని అరచేత్తో కప్పుకున్నాడు. ఆయన మొహం చూసి ప్రెసిడెంటుకే జాలేసింది. గేటు బయట నిలబడక్కర్లేదని, సీటు బయటివాళ్ళకి పోకుండా చూస్తానని అక్కడికక్కడే మాటిచ్చాడు, అలాగే చేశాడు.

కొత్త సీజన్ నాటికి జట్టు జెర్సీ మీద చిరుత పోయి బాతుపిల్ల వచ్చింది. బాతు బొమ్మ కాగితాన్ని అత్తగారి చేత మళ్ళీ గీయించి, సంఘం ఆఫీసులో ఫ్రేము కట్టారు. ఇంటి డబ్బాలో మిగిలింది చిరుతే కాబట్టి, చిన్న కూతురి పాప కోరలు తెరిచిన చిరుతని కప్పుకుని హాయిగా నిద్రపోతోంది. సంఘం తనకి చేసిన సన్మానం రోజున ఏం కావాలో కోరుకోమంటే అత్తగారు ఒక్కటే అడిగింది. అమ్మాయి చేతిలో కన్ను వణుకుతోంది, ఆ సీటు నాకిప్పించండి, అంది.

మొదటి మ్యాచ్ రోజున ఆవిడ ఏడో వరుస పంతొమ్మిదో సీట్లో, మేస్త్రి తండ్రి గీతలు చెరగకుండా వాటి మీద తను కుట్టిన గుడ్డ కప్పి కూర్చుంది. అది చూసి మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. ఈల మెడలో వేసుకుని ఆవిడ సీటు ముందే నిలబడి, అలాగే చూస్తుండిపోయాడు.

"అల్లుడుగారూ, కాస్త పక్కకి జరగండి," అంది అత్తగారు. "బంతి కనపడట్లేదు."