దూలం వయసు

యలమంద భార్య కోటమ్మ అతను పుట్టకముందే చనిపోయిందని కాలనిర్ణయ శాఖ తేల్చింది. అంతకుముందు వానాకాలమే ఆమె చితికి నిప్పు పెట్టింది యలమందే. అయినా చావు తేదీకి మనుషుల మాట తీసుకోవడం ఎప్పుడో మానేశారు. చితి బొగ్గును పరీక్షకు పంపుతారు. శాఖ ఒప్పుకున్నాకే సమాధి రాయి మీద అక్షరాలు చెక్కాలి.

ఆ రోజు ముసురుకు కట్టెలన్నీ నానిపోయాయి. యలమంద ఇంటి దూలం పీకి చితికి పేర్చాడు. ముత్తాత నాటి టేకు. బొగ్గు ఆ చెట్టు కాలం చెప్పింది గాని కాల్చిన రోజు చెప్పలేదు. కోటమ్మ 1810కీ 1890కీ మధ్య పోయిందని శాఖ ప్రకటించింది, నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో.

రాయి మీద 'భార్య' అన్న మాట కోసం యలమంద శాఖ జిల్లా ఆఫీసుకు వెళ్లాడు. లెక్కలు చూసే వసుంధర అతన్ని కూర్చోమంది.

"చెట్టు పాతది మేడం. మనిషి కాదు."

"ఒక్క బొగ్గునే నమ్మం పెద్దాయనా. ముందే తెలిసిన సంగతులు కూడా కలిపి లెక్క కడతాం. పెళ్లి ముందు, చావు తర్వాత. ఈ వరస తప్పకూడదు."

"మరి తప్పిందిగా?"

"లేదు. చావు వెనక్కి పోయింది కాబట్టి పెళ్లిని ఇంకా వెనక్కి జరిపాం. ఇప్పుడు వరస చక్కగా ఉంది."

"అప్పటికి నేనెక్కడున్నా? పెళ్లికొడుకెవరు?"

"మీ ముత్తాతగారు అయ్యుండే అవకాశం ఎక్కువ."

"నిప్పు పెట్టింది నేను."

"మీ జ్ఞాపకాన్ని కూడా లెక్కలో వేశాం. మిగతా వాటితో కలవలేదు. పక్కన పెట్టాం." ఆమె గొంతులో ఎగతాళి లేదు.

వారం తిరగకుండా నాపరాయి వచ్చింది. 'తాతమ్మ కోటమ్మకు, మునిమనవడు యలమంద.' ఊరివాళ్లు చదివి తలలూపారు. పక్కింటి వీరరాఘవులు కోటమ్మ చేతి పప్పుచారు ఎన్నోసార్లు తిన్నవాడు. "ఈ రోజుల్లో తాతమ్మకు రాయి వేయించేవాళ్లు ఎవరున్నార్రా? గొప్పోడివి పో," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

యలమంద అతన్ని మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఏటా తద్దినంనాడు మాత్రం రాయి ముందు పప్పుచారు పెట్టి, రాసి ఉన్న వరసతోనే పిలుస్తాడు. వేరే వరసతో పెడితే శాఖ లెక్కలోకి రాదు.

దూలం లేనిచోట ఇంటి కప్పు కుంగింది. ఏమైందని అడిగినవాళ్లకు చెద తిన్నదంటాడు. అంతకు మించి ఆ సంగతి చచ్చేదాకా ఎత్తడు.