ఇంజిన్ ఆపినా ఆగని చప్పుడు

ఆ రోజుకు చెవి మెకానిక్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే డ్రాయింగు మాస్టారి నీలం కారు ఇంజిన్‌కు పట్టిన దుమ్మూ మట్టీ దులిపి కడిగేయాలి. సాయంత్రం నాలుగింటికల్లా తాళాలు మాస్టారి చేతిలో పెట్టాలి. ఇంటికి పోయి కాళ్లు చాపుకోవాలి. ఇందులో దయ్యాలకు గాని, డాక్టర్లకు గాని ఎక్కడా చోటు లేదు.

అతన్ని చెవి మెకానిక్ అనడానికి కారణం ఉంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని కుడి చెవికి నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని ఒక్క నిమిషం వింటే చాలు, లోపల ఏ వాల్వు ఏడుస్తోందో ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఇంత చురుకైన చెవికి భార్య పిలుపు మాత్రం ఎందుకు వినపడదన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలని విషయం.

అలాంటి చెవికి ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది. అతని బావమరిది, అంటే భార్య తమ్ముడు, ఆ షెడ్డులో సగం భాగస్తుడు. అతగాడు ఈమధ్యే ఒక కంప్యూటర్ యంత్రం తెచ్చాడు. వైరు తగిలిస్తే తెర మీద కారు రోగం పేరు దానంతటదే వస్తుంది. వాదించుకుని వాదించుకుని చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. నీలం కారులో రోగం ఏదైనా ఉండి, దాన్ని చెవి పట్టుకుంటే యంత్రం అటకెక్కాలి. యంత్రం పట్టుకుంటే బావ ముందుగదిలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటూ కూర్చోవాలి. ఆ కుర్చీ తలుచుకుంటేనే చెవి మెకానిక్‌కు గుండె జారిపోయేది.

కారు కంకర క్వారీ దారిలో తిరిగి తిరిగి వచ్చింది. బానెట్ ఎత్తితే ఇంజిన్ కనపడలేదు, మట్టిదిబ్బ కనపడింది. అతను బ్రష్షుతో గీకాడు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచాడు. బ్రష్షు దూరని సందుల్లోకి తల వంచి, కంప్రెసర్ గొట్టంతో గాలి కొట్టాడు. లోపలున్న దుమ్మంతా ఒక్కసారిగా ఎదురు తిరిగి ముఖానికి కుడివైపు కొట్టింది. "థూ" అని ఉమ్మేసి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చిటికెన వేలు చెవిలో పెట్టి రెండుసార్లు గట్టిగా తిప్పి, మళ్లీ పనిలో పడ్డాడు.

అంతా శుభ్రమయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. టక్... టక్... టక్... ఇంజిన్ మోతకు అడుగున, ఎవరో లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు వినిపించింది. ముప్పై ఏళ్లలో అలాంటి చప్పుడు అతను వినలేదు.

"బావా, నా మిషను అంతా బాగుందంటోంది" అన్నాడు బావమరిది తెర వంక చూస్తూ.

"నీ డబ్బాకి చెవులెక్కడివిరా? లోపలేదో కొడుతోంది. ఇంజిన్ ఆపు."

బావమరిది ఆపాడు. షెడ్డంతా నిశ్శబ్దమైంది. టక్... టక్... టక్...

చెవి మెకానిక్ చటుక్కున స్క్రూడ్రైవర్ తీసేశాడు. చప్పుడు పోయింది. మళ్లీ పెట్టాడు. ఈసారి చప్పుడు ఇంకా వేగంగా ఉంది. ఇంజిన్ ఆగిపోయింది, బెల్టు కదలడం లేదు, ఫ్యాను తిరగడం లేదు. అయినా లోపల కొడుతూనే ఉంది. అతనికి భయం పెరిగే కొద్దీ లోపలున్నదానికి తొందరా పెరుగుతోంది.

సరిగ్గా అప్పుడే డ్రాయింగు మాస్టారు అత్తగారిని వెంటబెట్టుకుని దిగారు. ఆ కారు నిజానికి ఆవిడ భర్తది. ఆయన పోయి ఏడాదైంది. కారు ఎలా ఉందో కళ్లారా చూసుకుంటానని పెద్దావిడ పట్టుబట్టి వచ్చింది.

"ఏంటి మెకానిక్ గారూ, అలా పాలిపోయారు?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు మాస్టారూ... ఇంజిన్ ఆపినా చప్పుడు ఆగట్లేదు."

"ఏదీ, నన్నోసారి విననీ బాబూ" అంటూ పెద్దావిడ స్క్రూడ్రైవర్ అందుకుంది. పిడి చెవికి నొక్కుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆవిడ పెదవులు వణికాయి.

"ఆయనే" అంది.

"ఎవరత్తయ్యా?"

"ఇంకెవరు, మీ మామగారు! అన్నం ఆలస్యమైతే బల్ల మీద వేలితో ఇలాగే కొట్టేవారు." ఆవిడ రేడియేటర్ మీదికి వంగి, కాస్త గొంతు పెంచి, "వస్తున్నా, ఉండండి! ఎప్పుడూ తొందరే!" అంది. అంటూనే కళ్లొత్తుకుంది. ఏడాదిగా ఎవరినీ కసురుకోని మనిషి ఆమె. ఆ కసురులో ఎంత సంతోషం ఉందో అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

తర్వాత మాస్టారు విన్నారు. ఆయనకు ఏమీ వినపడలేదు. కానీ అత్తగారు కళ్లార్పకుండా ఆయన్నే చూస్తోంది. మామగారి చప్పుడు వినపడలేదన్న అల్లుడు ఆ ఇంటికి తిరిగి వెళ్లి మనశ్శాంతిగా కంచం ముందు కూర్చోగలడా?

"ఆఁ... స్పష్టంగా ఉంది" అన్నారు మాస్టారు.

ఎదురు కొట్లో టైర్లకు పంక్చర్లు వేసే అతను సంగతి తెలిసి వచ్చాడు. పెద్దమనుషులిద్దరికీ వినపడింది తనకు వినపడలేదంటే బాగుండదని అతనికీ వినపడింది. చివరికి బావమరిది మిగిలాడు. యంత్రం పక్కనే నిలబడి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, అందరి ముఖాలూ చూసి, నలుగురితో నారాయణ అనుకున్నాడు.

"ఉంది బావా" అన్నాడు నీరసంగా.

ఇంకేం, చెవి గెలిచింది. కానీ గెలిస్తే సరిపోదు, రోగం కుదర్చాలి. "దయ్యం లేదు, గియ్యం లేదు. లోపలెక్కడో గట్టి ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. అంతా విప్పి కడిగేస్తా" అన్నాడు చెవి మెకానిక్, తనకు తనే ధైర్యం చెప్పుకుంటూ. వచ్చినవాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

విప్పాడు. ఇంజిన్ పైనున్న హెడ్డు దించాడు, అడుగునున్న ఆయిల్ సంపు విప్పాడు, పిస్టన్లు బయటికి లాగాడు. ప్రతి ముక్కనూ కిరసనాయిలు ట్రేలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, గాలి కొట్టి, నూలు గుడ్డతో తుడిచి వరుసగా బల్ల మీద పేర్చాడు. ఆయిలు పోయే సన్నటి దారుల్లోకి తీగ దూర్చి మరీ శుభ్రం చేశాడు. నాలుగయ్యేసరికి తాళాలు ఇవ్వాల్సిన కారు పదకొండు ట్రేల్లో సర్దుకుని ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు గాని, ఇక్కడ ఆ ఎలుక కూడా దొరకలేదు. అరబకెట్టు మట్టి మాత్రం దొరికింది.

అతను అద్దంలా మెరుస్తున్న ఒక పిస్టన్‌ను చేతిలోకి తీసుకుని, స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు.

టక్... టక్... టక్...

పిస్టన్ చేతిలోంచి జారి ట్రేలో పడింది. పక్క పిస్టన్ మీద పెట్టాడు. అక్కడా ఉంది. వాల్వు మీద పెట్టాడు. బోల్టు మీద పెట్టాడు. బల్ల మీద పెట్టాడు. అన్నిట్లోనూ అదే చప్పుడు. మెల్లగా వెళ్లి గోడ మీద పెట్టాడు. గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పారు గాని, గుండె ఉంటుందని ఎవరూ చెప్పలేదు. గోడ లోపల అది నింపాదిగా కొట్టుకుంటోంది. పట్టపగలు, వీధిలో జనం నడుస్తుండగానే, అతని ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఇంజిన్‌లోంచి బయటికొచ్చేసిందిరా" అన్నాడు గొణుగుతున్నట్టు. "కడిగి కడిగి నేనే బయటికి తరిమేశాను. షెడ్డంతా పాకింది."

"నా మిషన్లోకి కూడానా బావా?"

పెట్టి చూశాడు. "దాంట్లోనూ ఉంది."

బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత ఏదో భయంకరమైన అనుమానం వచ్చినట్టు తల ముందుకు వంచి, "నా మీద పెట్టి చూడు" అన్నాడు.

చెవి మెకానిక్ బావమరిది నడినెత్తిన స్క్రూడ్రైవర్ ఆనించాడు. చాలాసేపు విన్నాడు. "బామ్మర్దీ" అన్నాడు, "నీలోకీ వచ్చేసింది."

బావమరిది అక్కడే కూలబడ్డాడు. మధ్యాహ్నం భోజనానికి రాని మనుషుల్ని వెతుక్కుంటూ అక్కగారు, అంటే చెవి మెకానిక్ భార్య, షెడ్డులోకి అడుగుపెట్టే సరికి తమ్ముడు నేల మీద తల పట్టుకుని ఉన్నాడు. మొగుడు వాడి నెత్తిన స్క్రూడ్రైవర్ గుచ్చి కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఆమె కుడివైపు నిలబడి మూడుసార్లు పిలిచింది. అతను పలకలేదు. అది మామూలే. ఎడమవైపుకు వెళ్లి ఒక్కసారి పిలిచింది. ఉలిక్కిపడి తిరిగాడు. అది మామూలు కాదు. ఆమె జరిగిందంతా చెప్పించుకుంది.

"కారులో ఉంది, గోడలో ఉంది, వీడి ఖాళీ బుర్రలో కూడా ఉంది. అన్నిట్లో ఉందంటే తేడా వాటిల్లో కాదు, వినేవాళ్లలో. రేపు పొద్దున్నే చెవుల డాక్టరు దగ్గరికి పదండి."

మర్నాడు డాక్టరమ్మ అతని కుడి చెవిలోకి లైటు వేసి చూసి, "అబ్బో" అంది. గోరువెచ్చని నీళ్లు సిరంజితో కొట్టింది. స్టీలు గిన్నెలోకి నల్లటి ఉండ ఒకటి జారిపడింది. గులిమి, మసి, మధ్యమధ్య తళుక్కుమంటున్న కంకర పొడి.

"చెవిలోంచి రోడ్డేమైనా వేయిస్తున్నారా?" అంది డాక్టరమ్మ. "చెవికి ఇంత గట్టిగా బిరడా పడి, దాని మీద మీ స్క్రూడ్రైవర్ పిడి కూడా నొక్కితే బయటి చప్పుడు తగ్గి లోపలిది పెద్దగా వినిపిస్తుంది. మీరు విన్నది మీ గుండె చప్పుడే. భయపడితే అది వేగంగా కొట్టుకోవడం సహజం."

చెవి మెకానిక్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ వెంటనే తల కొట్టేసినట్టయింది. మంచి ఇంజిన్ ఒకటి పదకొండు ట్రేల్లో పడి ఉంది, తన చెవి కడుక్కోనందుకు.

"ఈ మాట మూడో మనిషికి తెలియకూడదే" అన్నాడు భార్యతో, దారిలో.

"ముప్పై ఏళ్లుగా ఊరందరి ఇంజిన్లూ కడిగారు. సొంత చెవి కడుక్కోవాలని ఎవరికి మాత్రం తోస్తుంది లెండి" అంది ఆమె. చెప్పనని మాత్రం మాటిచ్చింది.

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చుని ఇంజిన్ బిగించాడు. స్టార్ట్ చేస్తే నూనె పోసినట్టు నున్నగా పలికింది. ఆపాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఎంత హాయైన నిశ్శబ్దమో! అప్పటికే మాస్టారు, పెద్దావిడ, పంక్చర్లతను, బావమరిది చుట్టూ చేరి ఎదురుచూస్తున్నారు.

"అయిపోయింది మాస్టారూ. చప్పుడు పూర్తిగా పోయింది" అన్నాడు నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు.

"పోవడమేంటి బాబూ?" అంది పెద్దావిడ. "స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, ఇక్కడికే వినిపిస్తుంటే!"

"ఔను, నాకూ వినిపిస్తోంది" అన్నారు మాస్టారు. ఈసారి ఆయన అత్తగారి వంక చూడలేదు. కారు వంకే చూస్తున్నారు. ఆయన ముఖంలో రంగు లేదు.

"మొన్నటి కన్నా గట్టిగా ఉందన్నా" అన్నాడు పంక్చర్లతను.

చెవి మెకానిక్ నలుగురినీ మార్చి మార్చి చూశాడు. వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం లేదు. కళ్లు మూసుకుని వింటున్నారు. వింటూ వింటూ తలలు ఊపుతున్నారు. నాలుగు తలలూ ఒక్కసారే కిందికి దిగాయి. ఆగాయి. మళ్లీ ఒక్కసారే దిగాయి. ఒక్క తల కూడా ముందూ వెనకా కాలేదు. కడిగిన చెవితో, ఎండ నిండిన షెడ్డులో, అతనికి మాత్రం ఏమీ వినపడలేదు.

బావమరిది కళ్లు తెరిచాడు. "నీకు వినిపించట్లేదా బావా?" అని చాలా ప్రేమగా అడిగాడు. "పోనీలే, వయసన్నాక చెవి తగ్గుతుంది. ముందుగదిలో కుర్చీ తుడిపించనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వినపడలేదంటే చెవి పోయినట్టు. మొన్న ఎందుకు వినపడిందో చెబితే పరువు పోయినట్టు. గుమ్మంలో నిలబడ్డ భార్య వంక ఒక్కసారి చూశాడు. ఆమె మాటిచ్చింది కాబట్టి నోరు మెదపలేదు, కొంగు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంది. అతను నెమ్మదిగా వంగి, కళ్లు మూసుకుని, ఆ నిశ్శబ్దాన్ని చాలా శ్రద్ధగా విన్నాడు.

"ఆఁ... ఉంది" అన్నాడు. "మొన్నటి కంటే కాస్త నిదానించింది, అందుకే వెంటనే పట్టుకోలేకపోయా."

"నిదానించదూ మరి!" అంది పెద్దావిడ, ముఖమంతా వెలిగిపోతుండగా. "నిన్నటి నుంచి వేళ తప్పకుండా ఆయనకీ కంచం పెడుతున్నా."

బావమరిది ఒప్పందం ప్రకారం యంత్రం వైర్లు చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఆ వీధిలో చాలామందికి తమ తమ కార్లలో కూడా ఆ చప్పుడు వినిపించడం మొదలైంది. అది వినపడని మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు, దాని గురించి అందరూ సలహా అడిగేది అతన్నే.