యాభై గ్రాముల రాయి, పన్నెండంగుళాల సాక్షి

"నేరం అనేది జగ్గయ్యపేటలో కాలు పెట్టాలంటే ముందు నా పర్మిషన్ తీసుకోవాలి" అని మా ఉమాకాంతం వేసవి సెలవుల మొదటిరోజునే ప్రకటించాడు. పది నెలలు ఎలిమెంటరీ స్కూల్లో ఎక్కాలు చెబుతాడు. మే నెల వచ్చిందంటే డిటెక్టివ్ అయిపోతాడు. గుమ్మానికి 'రహస్య పరిశోధకుడు' అని ఎర్రక్షరాల బోర్డు కూడా కట్టాడు. బోర్డు కట్టాక ఇంకా రహస్యమేమిట్రా అంటే, "అదే ఎత్తు" అన్నాడు. నాలుగేళ్లలో వాడు పట్టుకున్నది ఒక్క పిల్లిని. అదీ వాళ్లింటి పిల్లే.

నేను కుటుంబరావుని. బస్టాండు దగ్గర రేడియో రిపేరు షాపు నాది. ఎనభై నాలుగు ఎండాకాలంలో, హైఫై స్పీకరు పెట్టెలు సొంతంగా కట్టే పిచ్చి నాకూ, నందిగామ బ్యాంకులో పనిచేసే వరప్రసాదరావుకీ ఒకేసారి పట్టింది. చెరో కంపెనీది పన్నెండంగుళాల వూఫరు, అంటే బొంగురు శబ్దాలు పలికే పెద్ద స్పీకరు, కొన్నాం. ఎవరిది గొప్పదో చెవులతో తేల్చుకుంటే తలలు పగిలేలా ఉన్నాయని, కొలిచి తేల్చుకుందామనుకున్నాం.

కొలవడం పెద్ద విద్యేం కాదు. వూఫర్ని వెల్లకిలా పడుకోబెట్టి, బొయ్యిమనే శబ్దం పంపుతూ, ఏ స్థాయి దగ్గర దాని గరాటులాంటి అట్ట బాగా ఊగుతుందో రాసుకోవాలి. తరవాత అట్ట మీద కచ్చితమైన బరువొకటి పెట్టి, ఆ స్థాయి ఎంత కిందికి దిగిందో చూడాలి. అట్ట ఎంత మెత్తనో దాన్నిబట్టి తెలిసిపోతుంది. కచ్చితమైన బరువంటే సర్కారు ముద్ర ఉన్నదే. అందుకని ఎదురు కిరాణా కొట్టు బసవమ్మ పిన్నిని ఆవిడ యాభై గ్రాముల ఇనప తూకపురాయి అడిగా.

"మూడింటికి తూనికల ఇన్‌స్పెక్టరు జగన్నాథరావుగారు వస్తారు బాబూ. ఒక్క రాయి తగ్గినా కేసు రాస్తారు. పోయినేడు శాంతయ్య కొట్టు నెల్లాళ్లు మూయించారు. నాకు మూడ్రోజులు మూతపడినా పొయ్యి వెలగదు" అంటూనే ఇచ్చింది.

"తొమ్మిదింటికల్లా మీ చేతిలో పెడతా పిన్నీ" అన్నా.

చివరి కొలత నా వూఫరుది. దాని మీద రాయి పెట్టి శబ్దం పెంచి, మేమిద్దరం కాగితంలో తలలు దూర్చి ఎవరి అంకె గొప్పదో పోట్లాడుకున్నాం. పోట్లాట తెగకుండానే వరప్రసాదరావు తన వూఫరు చంకనేసుకుని తొమ్మిది బస్సుకి వెళ్లిపోయాడు. తీరా చూస్తే రాయి లేదు. వూఫరు మీదా లేదు, బల్ల మీదా లేదు. బసవమ్మ పిన్ని మొహం గుర్తొచ్చి, రాయి పోయిందని కేక పెట్టా.

"ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అంటూ ఉమాకాంతం వచ్చి, అన్నీ తనే ముట్టుకున్నాడు. నా వూఫర్ని తువ్వాల్లో చుట్టి సంచిలో వేశాడు.

"అదెందుకురా?"

"నేరం దీని కళ్లెదుటే జరిగింది. ఏకైక ప్రత్యక్ష సాక్షి. ప్రాణహాని ఉంది."

"రాయి ఎక్కడికో దొర్లి ఉంటుంది. బల్ల జరుపుదాం, పట్టు."

"రాళ్లు దొర్లవు కుటుంబరావూ, దొర్లించబడతాయి. కొలతలో ఓడిపోతానని వరప్రసాదరావు సాక్ష్యం మాయం చేశాడు. పద నందిగామ."

బల్ల జరిపినా ఏమీ దొరకలేదు. ఇక వేరే దారిలేక వాడి వెంట బస్సెక్కా. చిల్లకల్లు దాటాక ఒళ్లోని సంచిని సర్దుకుంటూ, "సాక్షి బాగా బరువుగా ఉందిరా. మనసులో ఏదో దాచుకుంది" అన్నాడు.

ఆ రోజు బ్యాంకుకి సెలవు పెట్టిన వరప్రసాదరావు బనీనుతోనే తలుపు తీశాడు. "రాయా? నేనెందుకు తెస్తానండీ? ఏదీ, ఆ సంచిలో మీ వూఫరేగా? ఒకసారి చూపించండి."

"సాక్షిని ముద్దాయికి చూపించరు" అని ఉమాకాంతం సంచిని గుండెకి హత్తుకున్నాడు.

ఆ సంచి వదలకుండానే ఇల్లంతా సోదా చేశాడు. బియ్యం డబ్బా అయింది, పరుపు అయింది. చివరికి వంటింట్లో కొత్తావకాయ జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టేశాడు. అప్పుడే కాళ్లు కడుక్కొచ్చిన తడిచెయ్యి. వరప్రసాదరావు భార్య కనకవల్లి చూసింది.

"ఏడాదికి సరిపడా పెట్టానండీ. ఇంకేముంది, బూజుపట్టి పోతుంది" అని కూలబడింది. తరవాత గరిటె కోసం లేచింది. మేం బస్టాండు దాకా ఆగలేదు.

పేటకి వచ్చేసరికి మూడయింది. ఇన్‌స్పెక్టరు కొట్లో స్టూలు మీద కూర్చున్నారు. ఆయన ముందు రాళ్ల పెట్టె తెరిచి ఉంది. అందులో ఒక గుంట ఖాళీ.

"యాభై గ్రాములది ఏదమ్మా?"

బసవమ్మ పిన్ని నావంక చూసింది. నా పేరు మాత్రం చెప్పలేదు. ఆ మాట చెబితే తప్పించుకోవచ్చు, అయినా చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయా. "తప్పు నాదండీ, కేసు నా మీద రాయండి" అనబోతుండగా ఉమాకాంతం అడ్డొచ్చాడు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఈ కుట్ర వెనక నందిగామ హస్తముంది" అంటూ చెమట తుడుచుకోబోయి, ఆవకాయ చెయ్యి కంట్లో పెట్టుకున్నాడు.

ఆ తరవాత గావుకేక. ఒంటికంటితో గిర్రున తిరిగాడు. సంచి త్రాసుకి తగిలింది, తువ్వాలు ఊడింది, నా వూఫరు ఎగిరి చింతపండు బస్తాలో బోర్లాపడింది. వెనకున్న అయస్కాంతానికి, పక్కగా, ఆరు పలకల ఇనప రాయి అతుక్కుని ఉంది. మేం పోట్లాడుకుంటుంటే అట్ట మీద గెంతి గెంతి, అంచు దాటి పక్కనుంచి జారి అక్కడ చేరింది. స్పీకర్లకి అతుక్కున్న స్క్రూడ్రైవర్లు రోజూ పీక్కునే నాకు ఆ మాట తట్టనే లేదు.

ఇన్‌స్పెక్టరు రెండు చేతులా లాగి రాయి ఊడదీశారు. తూచారు, ముద్ర చూశారు. "సరిగానే ఉందమ్మా" అని సంతకం పెట్టారు. నా వూఫరు అట్ట బెత్తెడు చిరిగింది. ఎందుకో ఏమాత్రం బాధ కలగలేదు.

ఉమాకాంతం కన్ను కడుక్కొచ్చి నోటుబుక్కు తీశాడు. "నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నా. నేరస్థుడు, అయస్కాంతం. కేసు క్లోజ్."

"మరి రాయిని నందిగామ దాకా మోసుకెళ్లి, మళ్లీ మోసుకొచ్చిందెవరు బాబూ?" అంది బసవమ్మ పిన్ని.

వాడు మళ్లీ నోటుబుక్కు తెరిచాడు. 'తోడుదొంగ' అని రాసి, నావంక ఒంటికంటితో చూసి, దాని పక్కన 'కుటుంబరావు' అని రాసుకున్నాడు.