గుట్ట మట్టి నాంపల్లికి వచ్చిన వైనం

గుట్టల మీద మట్టి కొట్టుకుపోకుండా ఎలా కాపాడాలో నగర ప్రజలకు చూపించేందుకు, ఆ మట్టిని గుట్ట మీద నుంచి తవ్వి తెచ్చి నాంపల్లి ఎగ్జిబిషన్‌లో పెట్టారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఈ ఘనకార్యం ఆబిడ్స్‌లో మూడో అంతస్తులో ఉన్న ‘మన్ను-మనుగడ’ సంస్థది. డైరెక్టర్ హెర్బర్ట్ గారు పదేళ్లుగా మెట్టరైతుల జీవనోపాధుల గురించి ఫ్యాను కింద కూర్చుని బాధపడుతున్నారు. 2004 జనవరిలో మొదలయ్యే ఎగ్జిబిషన్‌లో ఆ బాధను ప్రజల్లోకి తీసుకెళ్లాలని స్టాల్ తీసుకున్నారు. స్టాల్లో గుట్ట ఉండాలి. సిమెంటుతో కట్టిద్దామన్న ఉద్యోగిని జయమణిని, సత్యం పట్ల గౌరవం లేదని మందలించారు.

నిజమైన మట్టి మెదక్ వైపు ఒక గుట్టవాలులో, దుర్గయ్య అనే రైతుకున్న పది గుంటల్లో, అంటే పావెకరం పొలంలో, దొరికింది. వానలకు మట్టి జారిపోతుంటే దుర్గయ్య, భార్య శంకరమ్మ పద్నాలుగేళ్లు రాళ్లు మోసి వాలుకు అడ్డంగా కట్టలు పోశారు. కట్టల వెనక జానెడు మట్టి నిలిచింది. దాని మీదే వారి జొన్న, కంది. ఆ పొలం ఫొటో సంస్థ పుస్తకాల్లో నాలుగుసార్లు అచ్చయింది. రైతు పేరు వేయడానికి చోటు చాలలేదు.

దుర్గయ్య అనుమతి లేకుండా ఎవరూ పార ముట్టలేదు. అంతా భాగస్వామ్య పద్ధతిలోనే జరిగింది. నేల మీద రెండు గళ్లు గీశారు. మట్టి ఇవ్వడం ఇష్టమైతే ఒక గడిలో, చాలా ఇష్టమైతే రెండో గడిలో చింతగింజ వేయాలి.

“ఒద్దనెటోళ్లు ఏడ ఎయ్యాలె?” అని శంకరమ్మ అడిగింది. ఆ అంశాన్ని రెండో దశలో పరిశీలిస్తామన్నారు. తొలకరిలోగా మట్టి తిరిగి చేరుస్తామనీ హామీ ఇచ్చారు. దుర్గయ్య గింజ జేబులో వేసుకుని లేచాడు. మౌనం అంగీకారంగా నమోదైంది. కంది కోత అయిన వారానికే ఏడు లారీల మట్టి దిగివచ్చింది, గుట్ట మీద బండ తేలింది.

ప్రారంభోత్సవంలో హెర్బర్ట్ గారు గద్గద స్వరంతో అన్నారు: “మట్టి మన తల్లి. తల్లి ఎప్పుడూ ఒక్కచోటే ఎందుకుండాలి?” చప్పట్లు మోగాయి. నెలన్నర పాటు జనం మిర్చిబజ్జీలు తింటూ గుట్టను చూసి, మన రైతు ఎంత గొప్పవాడో అనుకున్నారు.

ఎగ్జిబిషన్ ముగుస్తుందనగా దుర్గయ్య ఆబిడ్స్ ఆఫీసు మెట్లెక్కాడు.

“మిరుగంలోపల, తొలకరి పడకముందే మట్టి గుట్టకెక్కాలె సార్. బండ మీద గింజేస్తే మొలుస్తదా?”

మట్టి నగరానికి రావడానికి మార్గదర్శకాలున్నాయి గానీ వెనక్కి పోవడానికి లేవని హెర్బర్ట్ గారు ఓపికగా వివరించారు. “దుర్గయ్యా, నువ్వు పది గుంటలు చూస్తున్నావు. నేను భవిష్యత్తు చూస్తున్నాను,” అన్నారు.

భవిష్యత్తు మర్నాడే వచ్చింది. బేగం బజార్ నుంచి నల్ల ప్లాస్టిక్ సంచులు తెప్పించి, మట్టిని వాటిలో నింపి, ‘ఇంటికో గుప్పెడు గుట్ట’ పేరుతో ఉచితంగా పంచారు. క్యూ గేటు దాకా సాగింది. కోఠి నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చినవారూ ఉన్నారు. పద్నాలుగేళ్ల కష్టం రెండు రోజుల్లో ఖాళీ అయింది. ఇది రాస్తుంటే నాకు సిగ్గేస్తోంది, ఎందుకంటే నేనూ రెండు సంచులు తెచ్చుకున్నాను.

మిరుగం వచ్చింది, వానా పడింది, బండ మీద నుంచి నీరు సాఫీగా జారిపోయింది. దుర్గయ్య దంపతులు నాంపల్లికి దిగారు. ఇప్పుడాయన మన అపార్ట్‌మెంట్లలో కుండీలకు నీళ్లు పోస్తాడు, ఆమె మెట్లు కడుగుతుంది. సంస్థ వార్షిక నివేదికలో ఇది పదకొండో పేజీలో ఉంది: ‘మట్టితో బంధం తెగకుండానే ఇద్దరికి సుస్థిర ఉపాధి.’

మీ బాల్కనీలో గులాబీ ఏపుగా పూస్తోందని విన్నాను. నీళ్లు పోసే ముందు ఆయన ఆ మట్టిని వేళ్లతో నలిపి, కాసేపు అలాగే పట్టుకుంటాడట. పోయినవారం కుండీ అంచున చిన్న చిన్న రాళ్లు అడ్డంగా పేర్చి, “మట్టి కొట్టుకపోదమ్మా” అన్నాడట. చూడ్డానికి బాగాలేవని మీరు తీసేయమన్నారు. ఆయన తీసేశాడు.